చిట్టీ లేని సంచి

“ఆకులోనే సీసం ఉంటే? మన చేతులతో మనమే దానికి తినిపిస్తున్నామేమో!”

రఘువీర్ ఈ మాట అనేసరికి అతని వేళ్ళ మధ్య పాలకూర పప్పు కలిపిన చిన్న ముద్ద ఉంది. ఎదురుగా ఎత్తు కుర్చీలో కూర్చున్న రెండేళ్ళ లాస్య పెదాలు బిగించి, ఆ ముద్దను పగవాణ్ణి చూసినట్టు చూస్తోంది. ఆఫీసుకు బయలుదేరుతూ రెండో చెప్పు కోసం వెతుక్కుంటున్న స్వాతి ఆగి, మొగుడి ముఖంలోకి చూసింది.

“నిన్నటిదాకా ఆకుకూర తినలేదని ఏడిస్తివి. ఇప్పుడు తింటాదేమోనని ఏడుస్తాండావా?”

“నవ్వులాట కాదు స్వాతీ. మురుగునీళ్ళు పారించి పండించిన ఆకుకూరల్లో ఏమేం చేరతాయో నిన్న ల్యాబులో ఒక వ్యాసం చదివాను. పైగా ఇనుము తక్కువున్న పిల్లల ఒంటికి సీసం ఇంకా సులువుగా పడుతుంది.”

స్వాతి నవ్వు ఆగిపోయింది. ఆ ఇంట్లో ఇనుము అన్న మాట మార్చి నెల నుంచీ నవ్వులాట కాదు. లాస్య బరువు పెరగడం లేదని క్లినిక్కుకు తీసుకెళ్తే, రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఎనిమిది పాయింట్ తొమ్మిది వచ్చింది. డాక్టరు సిరప్ రాసి, “ఆకుకూరలు బాగా పెట్టండి, సెప్టెంబరులో మళ్ళీ చూద్దాం” అని పంపించాడు. ఇంకొకరైతే సిరప్ కొనుక్కుని ఇంటికి వచ్చేవారు. రఘువీర్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం పరిశోధకుడు. పీహెచ్‌డీ ముగిసి రెండేళ్ళయింది. ఏదైనా భయం వేస్తే దాన్ని పట్టికగా మార్చేదాకా నిద్ర పట్టని మనిషి. తార్నాకలో మెట్రో స్టేషన్ వెనక సందులో వాళ్ళుండే ఫ్లాటులో, ఫ్రిజ్ తలుపు మీద వారం రోజుల్లోనే ఒక పట్టిక వెలిసింది. ఏ ఆకులో ఎంత ఇనుము, లాస్య ఎన్ని గ్రాములు తిన్నది, ఎన్ని ఊసింది. వంటింటి గట్టు మీద చిన్న త్రాసు కూడా వచ్చింది.

“మీ ల్యాబులో ఎలకలకైనా ఇంత తిప్పలుండదు” అంటుంది స్వాతి.

ఆ పూట ముద్ద గిన్నెలోనే ఉండిపోయింది. లాస్య గెలిచిన ముఖంతో బిస్కెట్టు అడిగింది.

*

ఆ పాలకూర వచ్చింది కాశమ్మ దగ్గర నుంచి.

క్యాంపస్ గేటు దాటి తార్నాక వైపు వచ్చే దారిలో, బస్‌స్టాపుకూ జిరాక్స్ షాపుకూ మధ్య ఉన్న గోడ నీడలో కాశమ్మ కూర్చుంటుంది. సాయంత్రం నాలుగింటికి వస్తుంది, గంప ఖాళీ కాగానే లేస్తుంది. యాభై ఏడేళ్ళుంటాయి. బొట్టు పెద్దది, మాట ఇంకా పెద్దది. తడిపిన గోనెపట్టా మీద ఆకుకూర కట్టలు వేళ్ళు ఒకవైపు, ఆకులు ఒకవైపు వచ్చేటట్టు పరుస్తుంది. త్రాసు లేదు. పిడికిలే కొలత. హాస్టల్లో ఉండి స్టవ్ మీద దొంగచాటుగా వండుకునే విద్యార్థినులొస్తే పిడికిలి కొంచెం పెద్దదవుతుంది.

ఆమెది ఆలేరు అవతల ఒక పల్లె. పదిహేడో ఏట సత్తయ్యను పెళ్ళి చేసుకుని పట్నం వచ్చింది. సత్తయ్య అప్పుడు క్యాంపస్‌లో దినకూలీ మాలి. చెట్లకు నీళ్ళు పెట్టీ పెట్టీ పద్నాలుగేళ్ళకు పర్మినెంటు అయ్యాడు. ఆ ఏడాదే తోటమాలుల క్వార్టర్లలో రెండు గదులొచ్చాయి. గదుల వెనక ముళ్ళకంపలు పట్టిన ఖాళీ జాగా, దానిలో ఎవరూ వాడని పాత బావి ఉన్నాయి. కాశమ్మ ముందు గదులు చూడలేదు, బావిలోకి తొంగిచూసింది. ఆ కంపలు కొట్టి, రాళ్ళు ఏరి, మొదటి మడి తోటకూర వేసింది. ఇంటికి మిగిలింది పక్కింటికి, పక్కింటికి మిగిలింది గంపలోకి వచ్చింది. ఆ గంప పాతికేళ్ళుగా దిగలేదు. దాని మీదే కూతురు రాజశ్రీ చదువుకుంది. ఇప్పుడు వారాసిగూడలో ఒక స్కూల్లో టీచరు.

రఘువీర్ ఆమెను మొదటిసారి కలిసింది మార్చిలోనే, రక్తపరీక్ష అయిన మర్నాడు. ఆ రోజు కంగారులో అతనికి అనంతపురంలో అమ్మ చేసే పితికిపప్పు గుర్తొచ్చింది. చిన్నప్పుడు తాను ఏమీ తినకపోతే అమ్మ చేసిపెట్టిన కూర అది. గంప ముందు వంగి అడిగాడు.

“అనపకాయలున్నాయా అమ్మా?”

“ఎందుకు లేవు సారూ!” అంటూ కాశమ్మ వెనక్కి చెయ్యిపెట్టి, మోచేతంత పొడుగున్న సొరకాయ తీసి అతని చేతుల్లో పెట్టింది.

“ఇది సొరకాయ అమ్మా. నేనడిగింది అనపకాయలు.”

“గిదే గద ఆనపకాయ. లేతగున్నది, గోరు గుచ్చి చూడు.”

“కాదమ్మా. గింజలుంటాయి. నానబెట్టి, తోలు పితికి, పప్పు వండుకుంటాం.”

కాశమ్మ ఒక్క క్షణం ఆలోచించి పకపకా నవ్వింది. “హో! అనుములా? మీ దిక్కు గవి అనపకాయలా? సారూ, గవి చలికాలంల వస్తయి. గీ ఎండల యాడ దేవాలె?”

పక్కన పుదీనా బేరమాడుతున్నావిడ కూడా నవ్వింది. రఘువీర్ సొరకాయను సంచిలో వేసుకుని, అసలు సంగతి చెప్పాడు. పాపకు రక్తం తక్కువుంది, రోజూ ఆకుకూర కావాలి, తాను ల్యాబు నుంచి వచ్చే సరికి ఒక్కోరోజు గంప ఖాళీ అయిపోవచ్చు. క్లినిక్కులో ఇచ్చిన చిన్న ప్యాడ్‌లోంచి చింపి, ఇంట్లోనే రాసుకొచ్చిన కాగితం ఒకటి జేబులోంచి తీసిచ్చాడు. దాని పైన ఏదో టానిక్కు పేరు, పక్కన మెడలో స్టెతస్కోపు వేసుకున్న ఎలుగుబంటి బొమ్మ ఉన్నాయి. కింద వరసగా రాసి ఉంది. సోమవారం పాలకూర, మంగళవారం తోటకూర, బుధవారం పాలకూర, గురువారం గోంగూర, శుక్రవారం పాలకూర, శనివారం తోటకూర.

“ఇది తప్పకూడదమ్మా. దీని ప్రకారం రోజూ ఒక కట్ట మా పాపకని పక్కన పెట్టండి.”

కాశమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులా తీసుకుంది. నాలుగు మడతలు పెట్టి, రొండిలో దోపుకున్న గుడ్డ సంచిలో భద్రంగా పెట్టుకుంది. “తప్పదు సారూ. బిడ్డ పానం కన్న ఎక్కువనా!” అంది.

తప్పలేదు కూడా. ఏప్రిల్ పోయింది, మే వచ్చింది. ఎండకు గోడ నీడ రెండడుగులకు కుదించుకుపోయినా, సోమ బుధ శుక్రవారాల్లో పాలకూర కట్ట తడిగుడ్డలో చుట్టి అతనికోసం సిద్ధంగా ఉండేది.

*

సీసం మాట నోటినుంచి వచ్చిన రోజే, గిన్నెలో మిగిలిన భయాన్ని రఘువీర్ ల్యాబుకు తీసుకెళ్ళాడు. సోమవారంనాటి పాలకూర కట్టలో సగం, మంగళవారంనాటి తోటకూర కట్టలో సగం. మూడుసార్లు కడిగి, ఆరబెట్టి, పొడిచేసి, ఆమ్లంలో కరిగించి, లోహాలను కొలిచే యంత్రానికి అప్పగించాడు. గురువారం మధ్యాహ్నం అంకెలు వచ్చాయి.

తోటకూరలో చెప్పుకోదగ్గదేమీ లేదు. పాలకూరలో సీసం ఉండదగిన హద్దుకు దాదాపు రెట్టింపు ఉంది.

రెండూ ఒకే గంపలోవి. ఒకే మన్ను, ఒకే నీళ్ళు అయినప్పుడు ఒకదానిలోనే ఎందుకొచ్చిందన్న ప్రశ్న అతని విద్యార్థి ఎవరైనా అడిగి ఉంటే మెచ్చుకునేవాడు. తనకు తాను వేసుకోలేదు. పాలకూర ఎక్కువ పీల్చుకునే రకం కాబోలని సరిపెట్టుకున్నాడు. అతని కళ్ళముందు అంకె లేదు, లాస్య నోరుంది. రెండు నెలలు, వారానికి మూడు రోజులు.

ఆ సాయంత్రం గోడ నీడ దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్ళున్నారు. రఘువీర్ చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

“మీ కూరలకు ఏ నీళ్ళు పెడుతున్నారు?”

“బాయి నీళ్ళు సారూ. ఏమైంది?”

“బావి నీళ్ళయితే ఇట్లా రాదు. పరీక్ష చేసి చూశాను. మీ పాలకూరలో సీసం ఉంది. విషం అది! పసిపిల్లకు పెడతానని చెప్పి మరీ తీసుకుంటున్నాను మీ దగ్గర.”

పుదీనా పట్టుకున్న చెయ్యి పుదీనా వదిలేసింది. కొత్తిమీర ఏరుతున్నావిడ లేచి నిలబడింది.

“పాలకూరల్నా?” అంది కాశమ్మ.

“పాలకూరలోనే.”

ఆమె ఏదో చెప్పబోయి ఆగింది. పెద్ద బొట్టు కింద ముఖం ఒక్కసారిగా చిన్నదైపోయింది. తర్వాత అడిగిన మాట ఒక్కటే.

“బిడ్డకేమన్న అయిందా సారూ?”

“ఇంకా ఏం కాలేదు” అన్నాడు రఘువీర్. గొంతు తగ్గింది, కోపం తగ్గలేదు.

కాశమ్మ గంపలో మిగిలి ఉన్న రెండు పాలకూర కట్టల్ని తీసుకుని, రోడ్డు అవతలికి నడిచి, చెత్తకుండీలో వేసి వచ్చింది. గోనెపట్టా చుట్టింది. గంప నెత్తికెత్తుకుంది. ఎవరివంకా చూడలేదు.

మర్నాడు ఆ గోడ నీడ ఖాళీగా ఉంది. ఆ తర్వాతి రోజూ అంతే.

*

“దోషం ఉంది కాబట్టే రావడం లేదు” అన్నాడు రఘువీర్ ఇంట్లో.

“దోషమున్నామె బిడ్డకేమన్నా అయిందా అని అడగదు” అంది స్వాతి.

ఆ మాట అతనికీ లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. లాస్య రక్తంలో సీసం పరీక్ష చేయిస్తే భయపడాల్సినంత లేదని వచ్చింది. పెద్ద దుకాణంలో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిన ఆకులు కొనుక్కొచ్చాడు. ఎక్కడివో, ఎన్ని రోజుల కిందటివో ఏ చీటీ చెప్పలేదు. లాస్య ఒక ఆకు నోట్లో పెట్టుకుని, తీసి, తండ్రి చొక్కాకు తుడిచింది.

ఐదో రోజు పొద్దున తన డిపార్టుమెంటు ముందు క్రోటన్ మొక్కలకు పైపుతో నీళ్ళు పెడుతున్న మాలి, రఘువీర్‌ను చూసి పైపు పక్కన పడేశాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఖాకీ చొక్కా.

“పాలకూర సారు మీరేనా?”

“నా పేరు రఘువీర్.”

“గదే, పాలకూర సారు. నేను సత్తయ్యను. కాశమ్మ పెనిమిటిని.” తగువుకు వచ్చాడేమోనని రఘువీర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. సత్తయ్య మాత్రం జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, విప్పి, రెండు చేతులతో చూపించాడు. “మీకు దండం బెడ్త. జర డాక్టర్ దగ్గరికి పోయి గీ చిట్టీ మార్పించుకోరాండ్రి.”

స్టెతస్కోపు వేసుకున్న ఎలుగుబంటి రఘువీర్ వంక చూసి నవ్వుతోంది.

“డాక్టర్ దగ్గరికా? ఎందుకు?”

“ఎండకాలం పాలకూర నిలువది సారూ. గింజకొస్తది, ముసలిదైతది. మా మడిల ఏప్రిల్‌ల్నే అయిపాయె. డాక్టరేమో వారానికి మూడు దినాలు గదే రాసిండు. మా ఆమెకు ఒకటే పరేషాన్. బిడ్డకు మందు తప్పొద్దని పొద్దుగాల ఫస్టు బస్సుకు పోయి, పెద్ద మార్కెట్ల కొని తెచ్చేది. గది యాడ పండిందో, ఏ మోరీ నీళ్ళు తాగిందో మాకేమెర్క?”

పైపులో నీళ్ళు క్రోటన్ మొక్కలను దాటి రఘువీర్ బూట్ల కిందికి పారుతున్నాయి.

“అది డాక్టరు రాసింది కాదు” అన్నాడు చివరికి. “నేను రాశాను.”

“మీరా!” సత్తయ్య కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. “మరి గీ గొట్టమేసుకున్న ఎలుగ్గొడ్డు?”

“అది… ఊరికే బొమ్మ. ప్యాడ్ మీద ఉంటుంది.”

“ఓరి దేవుడా! గీ బొమ్మ చూసే గద, మందుల చిట్టీ అని నేనే చెప్పిన ఆమెకు!”

“నన్నొక మాట అడగాల్సింది కదా! పాలకూర లేకపోతే ఇంకొకటి తీసుకునేవాణ్ణి.”

“మందుల చిట్టీని ఎవలన్న మారుస్తరా సారూ? షాపోడు గా గోలీ లేదని గీ గోలీ ఇస్తె ఊకుంటరా మీరు?”

ఊరుకునేవాడు కాదు. ఆ సంగతి రఘువీర్‌కు బాగా తెలుసు. తోటకూరలో ఏమీ లేదని యంత్రం మొదటి రోజే చెప్పింది. తన చేతిరాతే ఆ పాలకూరను బస్సెక్కించి తీసుకొచ్చింది.

“ఆమె ఎక్కడుంది?”

“ఇంటెనక. కూర తెంపుతది, ఎవలకు అమ్మాల్నో తెల్వక వాడకట్టంత ఊకెనే పంచుతున్నది.”

*

డిపార్టుమెంటు నుంచి క్వార్టర్లకు పది నిమిషాల నడక. పాతికేళ్ళుగా ఆ తోట అక్కడే ఉంది. రఘువీర్ ఆ క్యాంపస్‌లో ఏడేళ్ళుగా ఉంటూ ఒక్కసారీ అటు తొంగిచూడలేదు.

చిన్న చిన్న మడులు, వాటి మధ్య అరిపాదం పట్టేంత కాలిబాట. తోటకూర ఒక మడి, పుంటికూర ఒక మడి. అతని గోంగూరనే ఇక్కడ పుంటికూరంటారు. పందిరి మీద బీర, కింద నేలంతా పాకిన దోస. బావి గిలక మీద తాడు. ఒక మూల మోకాలెత్తు పెరిగి, గింజలు పట్టి, పసుపు తిరిగిన మొక్కల వరస ఒకటుంది. కాశమ్మ తల ఎత్తకుండానే దాన్ని చేత్తో చూపింది.

“గదో, నా పాలకూర. దసరా దాక దాన్ని అడగొద్దు.”

“తప్పు నాదమ్మా” అన్నాడు రఘువీర్. “మీరు ఆ రోజే చెప్పి ఉంటే…”

“ఏమని చెప్పాలె? నా కూర కాదని చెప్తే, మరి నా గంపల ఎట్లొచ్చిందంటరు. పెట్టింది నేనే గద.” ఆమె లేచి కొంగుకు చేతులు తుడుచుకుంది. “కోపం మీ మీద కాదు సారూ. గా మాట ఇనంగనే నాకు నా బిడ్డ యాదికొచ్చింది.”

బావి గట్టు మీద కూర్చుని చెప్పింది. రాజశ్రీకి మూడేళ్ళప్పుడు, ఈ తోట ఇంకా లేనప్పుడు, గుడిసె ముందు నాలుగు వంకాయ చెట్లుండేవి. పురుగు పడుతోందని సత్తయ్య గులాబీలకు కొట్టే మందు కొంచెం తెచ్చి కొట్టాడు. తెల్లారి పిల్ల ఆడుకుంటూ పచ్చి వంకాయ కొరికింది. పగలంతా వాంతులు. ఆసుపత్రి వరండాలో పిల్లను ఒళ్ళో వేసుకుని రెండు రోజులు కూర్చుంది కాశమ్మ. పిల్ల బతికింది. ఇంటికి రాగానే చెట్లు పీకి పారేసింది.

“గప్పటి సంది మందు డబ్బా మా గడప తొక్కలే. పురుగొస్తే బూడిద జల్లుత, యాపకషాయం కొడ్త. అయినా తింటే తిననియ్ అంట, అది ఎంత తింటది? నాది సదువు లేని భయం సారూ, మీది సదువుకున్న భయం. భయమైతే ఒక్కటే గద!”

రఘువీర్ బావిలోకి తొంగిచూశాడు. తర్వాత అడగలేక అడిగినట్టు అన్నాడు. “అమ్మా, మీ బావి నీళ్ళూ, మట్టీ కొంచెం తీసుకోవచ్చా? మీ మీద అనుమానంతో కాదు. నాకు… చూడకుండా ఉండలేను.”

సత్తయ్య ముఖం ముడుచుకుంది. కాశమ్మ మాత్రం నవ్వింది. “తీస్కపో. గింత మట్టి సరిపోతదా? ఇంకో దోసెడు దీస్కో. పుంటికూర కూడ పట్కపో, అది నడుమ పరీచ్చ తప్పితే నా పరువు పోతది.”

నాలుగు రోజులకు అంకెలు వచ్చాయి. నీళ్ళు, మట్టి, ఆకు, మూడూ హద్దుకు ఎంతో కిందున్నాయి. రఘువీర్ ఆ సాయంత్రం గోడ నీడ దగ్గరికి వెళ్ళాడు. కాశమ్మ మళ్ళీ గోనెపట్టా పరిచింది గానీ గంప నిండుగానే ఉంది. మాట పడ్డ చోటికి జనం తొందరగా తిరిగి రారు. బస్‌స్టాపులో నిలబడ్డ ఆడవాళ్ళు అతన్ని గుర్తుపట్టి గుసగుసలాడారు. రఘువీర్ వాళ్ళ దగ్గరికే వెళ్ళాడు. పాఠం చెప్పేటప్పుడు కూడా అంత గట్టిగా మాట్లాడి ఉండడు.

“ఆ రోజు నేనన్నది తప్పు. ఆ పాలకూర ఈమె పండించింది కాదు, నా కోసం మార్కెట్ నుంచి తెచ్చింది. ఈమె నీళ్ళూ మట్టీ నేనే పరీక్ష చేశాను. బాగున్నాయి.”

“ఫస్టు క్లాసుల పాసయిన!” అంది కాశమ్మ వెనక నుంచి. “మా సత్తయ్య పదోతరగతి మూడుసార్లు తప్పిండు. నా బాయి ఒక్కసారికే పాసయింది.”

ముందు పుదీనా ఆవిడ నవ్వింది. తర్వాత వచ్చి కూర్చుంది.

క్షమాపణతో పాటు రఘువీర్ ఇంకొకటి కూడా తెచ్చాడు. పన్నెండు నెలలు, నెలకొక గడి, ఏ నెలలో ఏ కూర దొరుకుతుందో రంగురంగుల్లో అచ్చు వేసిన పెద్ద కాగితం. కాశమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “మంచిగున్నది” అని, నిలువునా చింపి, పచ్చిమిరపకాయలు పొట్లం కట్టి అతనికే ఇచ్చింది.

*

తర్వాతి ఆదివారం లాస్యను ఎత్తుకుని ముగ్గురూ తోటకు వెళ్ళారు. మడుల మధ్య విత్తకుండా మొలిచిన గంగవాయిలి కూర నేలమీద ఎర్రటి కాడలతో పాకి ఉంది. లాస్య గొంతుక్కూర్చుని ఒక కాడ తుంచి నోట్లో పెట్టుకుంది. పుల్లగా తగిలిందేమో, కళ్ళు గట్టిగా మూసి, తెరిచి, ఇంకోటి తుంచింది.

“కడగలేదు! స్వాతీ, కడగలేదు!” రఘువీర్ పరుగెత్తాడు.

కాశమ్మ చెంబెడు నీళ్ళు చేది, పిల్ల చేతిలో ఉన్నవన్నీ కడిగి, మళ్ళీ పిల్ల చేతికే ఇచ్చింది. లాస్య తింటూ తోటంతా తిరిగింది. ఎన్ని గ్రాములు తిన్నదో ఎవరికీ తెలియదు.

వానలు పడ్డాక పొన్నగంటి వచ్చింది. శ్రావణంలో బోడకాకర వచ్చింది. లాస్య అన్నీ తిన్నదని కాదు. బోడకాకరను గోడకేసి కొట్టింది. పొన్నగంటి పప్పు ఒకరోజు గిన్నె నాకింది, మర్నాడు అదే గిన్నెను బోర్లించింది. సిరప్ మాత్రం రోజూ మానకుండా పోశారు. సెప్టెంబరులో పరీక్ష చేయిస్తే పది పాయింట్ ఎనిమిది వచ్చింది. సిరప్ వల్ల ఎంత, కూరల వల్ల ఎంత అని రఘువీర్ డాక్టరును అడిగాడు. “రెండూ కానివ్వండి” అన్నాడు డాక్టరు. ఇంకా పదకొండు దాటాలి. అయినా ఆ రోజు ఇంటికి వచ్చి, ఫ్రిజ్ తలుపు మీది పట్టికను తీసింది రఘువీరే. స్వాతి చూసీ చూడనట్టు ఊరుకుంది.

డిసెంబరులో ఒక సాయంత్రం క్యాంపస్ చెట్ల కింద చలి అప్పుడే దిగుతుంటే, దూరం నుంచే కాశమ్మ కేకేసింది.

“పాలకూర సారూ! జల్ది రా. మీ అనపకాయలొచ్చినయ్!”

అనుములు అనలేదు. మీ అనపకాయలు అంది. తన గోనెపట్టా కింద దాచిన సంచి తీసి, కమ్మటి వాసన వేసే, గింజ పట్టిన పచ్చి కాయలు అతని సంచిలోకి వంపింది. కంచె పొడుగునా జూన్‌లోనే విత్తిందట, ఎవరికీ చెప్పకుండా. ఆ రాత్రి నానబెట్టిన గింజల్ని మర్నాడు పొద్దున స్వాతి పళ్ళెంలో పోసి పెడితే, లాస్య ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య నొక్కింది. తోలు చేతిలో ఉండిపోయి, పప్పు తుర్రున ఎగిరి తండ్రి ముక్కుకు తగిలింది. పిల్ల విరగబడి నవ్వింది. సగం పితికింది, పితికిన దాంట్లో సగం పచ్చిగానే తినబోతే లాక్కోవాల్సి వచ్చింది. మిగిలిన సగం కూరయింది. మధ్యాహ్నం ఆ కూరతో అన్నం ఎవరూ బతిమాలకుండా తిన్నది.

రఘువీర్‌కు సంతోషం పట్టలేదు. సాయంత్రం కాశమ్మ దగ్గరికి పరుగున వెళ్ళాడు. “అమ్మా, మా పాప మొత్తం తినేసింది! ఇక నుంచి వారానికి మూడు రోజులు ఇవే పక్కన పెట్టండి. సోమ, బుధ…” చెయ్యి దానంతటదే జేబులోని పెన్ను మీదికి పోయింది.

కాశమ్మ వేలు పెదవుల మీద పెట్టుకుంది. అతని పెన్ను ఆగింది. ఆ రోజు నుంచి తార్నాక ఫ్లాటులో తలుపు పక్క మేకుకు ఒక గుడ్డ సంచి వేలాడుతూ ఉంటుంది. సాయంత్రం రఘువీర్ దాన్ని ఖాళీగానే పట్టుకుని వెళ్తాడు. ఎందుకంటే ఆమె అతని చేతిని పట్టుకుని చెప్పింది.

“మళ్ళ చిట్టీ షురూ జేసినవా కొడుకా? ఇంటికాడ రాసుకొని రాకు. ఉత్త సంచి పట్టుకొని రా. వచ్చి, ‘ఏమొచ్చింది కాశమ్మా’ అని అడుగు. వచ్చింది దీస్కపో, వండు, బిడ్డ ముంగట పెట్టి నువ్వు కూడ తిను. దాని నోరు చూసుకుంట కూసోకు.”